పికప్ బండికి డీజిలు లెక్క



పంటల గురించి, పురుగుమందుల గురించి మీరు తరచు వింటూనే ఉంటారు. ఈ పూట మాత్రం పంటను బజారుకు చేర్చే బండి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము. ఇదివరకు టౌనులో తప్ప కనిపించని చిన్న పికప్ బండ్లు ఇప్పుడు పల్లె పల్లెకూ వచ్చినవి. టమాటా క్రేట్లు, మామిడి కాయలు, పాల క్యానులు, ఎరువుల మూటలు అన్నీ వాటి మీదనే పోతున్నవి. కొందరు సొంతంగా కొన్నారు. కొందరు అన్నదమ్ములో, బావమరుదులో ముగ్గురు నలుగురు కలిసి కొన్నారు. కొన్న బండికి కంతులు కట్టడం ఒక ఎత్తు, దానికి డీజిలు పోయడం ఒక ఎత్తు. కంతు ఎంతో కాగితం మీద రాసి ఉంటుంది. డీజిలు ఎంత తాగుతుందో మాత్రం ఎవరి నోటికి వచ్చినది వారు చెప్తారు.

"మీ బండి ఎంత ఇస్తుందయ్యా?" అని అడగండి. "పధ్నాలుగు ఇస్తుంది" అని ఠక్కున జవాబు వస్తుంది. అదెట్లా తేలినదని అడిగితే, "మొన్న తిరుపతి పోయి వచ్చినప్పుడు చూశాము గదా" అంటారు. ఒక్క పూట పితికిన పాలు చూసి గేదెను బేరమాడే రైతు ఎవరూ లేరు. రెండు పూటలా, వరుసగా నాలుగు రోజులు పితికించి చూస్తే గాని డబ్బు తీయరు. బండి విషయంలో ఆ జాగ్రత్త ఎక్కడికి పోతుందో తెలియదు.

దీనివల్ల వచ్చే నష్టము డబ్బు ఒక్కటే కాదు. బండి "పధ్నాలుగు ఇవ్వాలి" అని యజమాని మనసులో పెట్టుకుంటాడు. ఒక వారము లెక్క చూస్తే పదిన్నర వస్తుంది. వెంటనే డ్రైవరు మీద అనుమానం పుడుతుంది. దారిలో డీజిలు అమ్ముకున్నాడంటారు. రెండేళ్ళుగా నమ్మకంగా పనిచేసిన మనిషి మాట పడలేక బండి తాళం బల్ల మీద పెట్టి పోతాడు. పొత్తుబండి అయితే ఆ అనుమానం అన్నదమ్ముల మధ్యకే వస్తుంది. నిజంగా డీజిలు పోయినదో, లెక్కే తప్పినదో తేల్చే సాధనము మన చేతిలో లేకపోవడమే దీనికంతా మూలము. అటువంటి సాధనమొకటి ఉన్నది. దానికి కావలసినవి ఒక నోటు పుస్తకము, ఒక పెన్ను, కాస్త ఓపిక.

మాట వచ్చినది గనుక చెప్తాను. "మైలేజీ" అనే మాట మైళ్ళ కాలము నాటిది. అప్పుడు గాలనుకు ఇన్ని మైళ్ళని లెక్క వేసేవారు. 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చిన తరువాత మైలురాళ్ళు పోయి కిలోమీటరు రాళ్ళు వచ్చినవి, గాలను పోయి లీటరు వచ్చినది. మాట మాత్రము మన నోట నిలిచిపోయినది. ఇప్పుడు మైలేజీ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నమాట.

ఇక లెక్కలోకి వద్దాము. మనలో ఎక్కువమంది డీజిలు లీటర్లలో పోయించరు, రూపాయలలో పోయిస్తారు. "వెయ్యి రూపాయలకు కొట్టు" అంటారు. 2017 జూన్ నుండి ధర ఏ రోజుకారోజు మారవచ్చునని ఏర్పాటు చేశారు. రాష్ట్రానికొక పన్ను, దానినిబట్టి రాష్ట్రానికొక ధర. సరిహద్దు దాటి కర్ణాటకలో పోయించిన వెయ్యికీ, మన వైపు పోయించిన వెయ్యికీ ఒకే డీజిలు రాదు. కాబట్టి పుస్తకములో రూపాయలు రాసుకుంటే రాసుకోండి, లీటర్లు మాత్రము తప్పక రాయండి. బంకులో ఇచ్చే చీటీ మీద లీటర్లు చుక్క తరువాత రెండంకెల దాకా ఉంటవి. ఆ చీటీని జేబులో దాచుకొని నెలాఖరుకు తీస్తే తెల్ల కాగితమే మిగులుతుంది. ఆ అచ్చు ఎండకూ, చెమటకూ తొందరగా వెలిసిపోతుంది. అక్కడికక్కడే పుస్తకములో ఎక్కించండి.

పద్ధతి ఇది. మొదటి రోజు ట్యాంకు నిండుగా పోయించి మీటరులో ఎన్ని కిలోమీటర్లు ఉన్నవో రాసుకోండి. ఆ రోజు ఎన్ని లీటర్లు పట్టినదో మనకు అక్కరలేదు. అది పాత ప్రయాణాల తాలూకు ఖర్చు. బండి తిరుగుతుంది. మళ్ళీ నిండుగా పోయించిన రోజున మీటరు చూసి రాయండి, ఈసారి పట్టిన లీటర్లు కూడా రాయండి. రెండు మీటరు అంకెల తేడాను ఈ లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. మధ్యలో దారిలో ఎక్కడైనా పది లీటర్లు పోయించవలసి వచ్చినదనుకోండి. అప్పుడు లెక్క వేయకండి, లీటర్లు మాత్రము రాసి ఉంచి, తరువాత నిండుగా పోయించిన రోజున వాటిని కూడా కలపండి. ట్యాంకు నిండిన రోజున ఆ వరుస పక్కన ఒక గుర్తు పెట్టుకుంటే చాలును.

"నిండుగా" అన్న మాట దగ్గర కొంచెము ఆగుదాము, ఎందుకంటే తప్పంతా ఇక్కడే దూరుతుంది. డీజిలు పోసేటప్పుడు నురుగు వస్తుంది. ఆ నురుగు తగలగానే గొట్టము తనంతట తాను టక్కున ఆగిపోతుంది. ఒక బంకులో వేగంగా పోస్తే ముందే ఆగుతుంది, ఇంకొక చోట నెమ్మదిగా పోస్తే మరి రెండు లీటర్లు పడుతుంది. బండి ఒక పక్కకు ఒరిగి నిలబడినా అంతే. కనుక వీలైనంతవరకు ఒకే బంకు, ఒకే పంపు, ఒకే చోట చదునుగా నిలబెట్టడము అలవాటు చేసుకోండి. మొదటి టక్కుకే ఆపమనండి. మూతి దాకా పోయించి కారబెట్టుకుంటే లెక్క బాగుపడదు సరిగదా డీజిలు నేలపాలవుతుంది.

ఎంత జాగ్రత్త పడినా ఒక లీటరు అటో ఇటో తేడా ఉండనే ఉంటుంది. అయితే చూడండి, పది లీటర్లు పట్టినప్పుడు లీటరు తేడా అంటే నూటికి పది పాళ్ళు తప్పు. నలభై లీటర్లు పట్టినప్పుడు అదే లీటరు నూటికి రెండున్నర పాళ్ళు. పది ట్యాంకులు కలిపి నాలుగు వందల లీటర్ల మీద లెక్క వేస్తే అది నూటికి పావు పాలు. మధ్యలో ఒక ట్యాంకు తక్కువ నిండితే ఆ లోటు తరువాతి ట్యాంకులో తీరిపోతుంది. మొదటి నింపుడు, చివరి నింపుడు సరిగా ఉంటే చాలు, మధ్యవి వాటిలో అవే సర్దుకుంటవి. ఈ లెక్కకున్న బలమంతా ఇదే.

ఒక ఉదాహరణ చెప్తాను, వేళ్ళ మీద కాదు, కాగితము మీద వేసుకోండి. మొదట ట్యాంకు నింపినప్పుడు మీటరు 42,310. తరువాత 42,782 దగ్గర 38 లీటర్లు పట్టినది. 43,190 దగ్గర 36 లీటర్లు. 43,694 దగ్గర 37 లీటర్లు. 44,110 దగ్గర 39 లీటర్లు. విడివిడిగా భాగిస్తే మొదటిసారి 12.4 వచ్చినది, రెండోసారి 11.3, మూడోసారి 13.6, నాలుగోసారి 10.7.

ఇప్పుడు యజమాని కళ్ళతో చూడండి. నిన్న 13.6 ఇచ్చిన బండి నేడు 10.7కు పడిపోయినది. 416 కిలోమీటర్లకు 13.6 చొప్పున ముప్పైన్నర లీటర్లు చాలవలె. పట్టినది 39. ఎనిమిది లీటర్ల పైన ఎక్కడికి పోయినట్లు? పంచాయతీ పెట్టడానికి ఇంతకంటే ఏమి కావాలి! కాని మూడోసారి డీజిలు పోయించినది వేరే బంకులో, అక్కడ గొట్టము మూడు లీటర్ల ముందే ఆగిపోయినదనుకోండి. అప్పుడు మూడో విడతకు నిజంగా అయినది 37 కాదు, 40. నాలుగో విడతకు అయినది 39 కాదు, 36. తిరిగి భాగిస్తే 12.6, 11.6 వస్తవి. పెద్ద తేడా కాస్తా ఒక కిలోమీటరుకు దిగినది. నాలుగో విడతలో బరువు ఎక్కువ వేసి ఉంటే ఆ ఒక్కటీ కూడా దానికే సరిపోతుంది. అన్నీ కలిపి చూడండి. 44,110లో నుండి 42,310 తీసివేస్తే 1,800 కిలోమీటర్లు. లీటర్లు మొత్తము 150. అంటే లీటరుకు 12. బండి అసలు సంగతి ఈ పన్నెండే. పధ్నాలుగూ కాదు, పదిన్నరా కాదు.

డ్రైవరును అనుమానించే ముందు ఇంట్లో కూడా ఒకసారి విచారించండి. ట్రాక్టరుకు అర్జెంటుగా కావలసి వచ్చిందని పికప్ ట్యాంకులో గొట్టము వేసి ఐదు లీటర్లు లాగిన చిన్నవాడు మన ఇంట్లోనే ఉండవచ్చును. తీసినది తప్పు కాదు. పుస్తకములో రాయకపోవడమే తప్పు. అట్లా తీసిన లీటర్లను లెక్కలో తగ్గించుకోవాలి.

సగటు తీయడములో చదువుకున్న వారు కూడా పొరపడే చోటు ఒకటి ఉన్నది. బజారుకు బరువుతో 60 కిలోమీటర్లు పోయినప్పుడు లీటరుకు 10, ఖాళీగా 60 కిలోమీటర్లు తిరిగి వచ్చినప్పుడు 15 వచ్చినదనుకోండి. పది, పదిహేను కలిపి రెండుతో భాగిస్తే పన్నెండున్నర. అది తప్పు. పోవడానికి 6 లీటర్లు, రావడానికి 4 లీటర్లు, మొత్తము 10 లీటర్లకు 120 కిలోమీటర్లు. అంటే 12. మైలేజీలను కూడి సగటు తీయరాదు. ఎప్పుడూ కిలోమీటర్లను కిలోమీటర్లతో, లీటర్లను లీటర్లతో కూడి ఆఖరున ఒక్కసారే భాగించాలి.

లీటర్ల సంగతి సరే, కిలోమీటర్లు మాత్రము నిజమేనా? మీటరు రోడ్డును కొలవదు, చక్రము తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. టైరు అరిగి ముఖము మీద ఆరు మిల్లీమీటర్లు పోతే చక్రము అడ్డకొలత పన్నెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. సుమారు 70 సెంటీమీటర్ల చక్రానికి ఇది నూటికి 1.7 పాళ్ళు. చిన్నదైన చక్రము ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ దూరము చూపుతుంది, అరిగిన టైర్లతో మైలేజీ పెరిగినట్లు కనిపిస్తుంది! కొత్త టైర్లు వేయించగానే "బండి తగ్గింది" అని కంగారు పడేవారి సంగతి చాలావరకు ఇదే. హైవే మీద రాళ్ళు చూసి ఇరవై కిలోమీటర్లు నడిపి మీటరుతో పోల్చండి. బైపాసు వేసిన చోట, రోడ్డు వంపులు సరిచేసిన చోట పాత రాళ్ళు నమ్మదగినవి కావు, ఫోనులో దూరము చూపే సదుపాయముతో సరిచూసుకోవచ్చును. ఇరవైకి మీటరు 20.4 చూపినదంటే నూటికి రెండు పాళ్ళు ఎక్కువ చూపుతున్నదన్నమాట. మన ఉదాహరణలోని 1,800 అప్పుడు 1,765 అవుతుంది, పన్నెండు కాస్తా 11.8 అవుతుంది.

బంకు కొలత మీద అనుమానముంటే లోపల గొణుక్కోనక్కరలేదు. తూనికలు కొలతల శాఖ వారి ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉంచాలి. అడిగితే మీ ఎదుట కొలిచి చూపాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు చట్టము ఒప్పుకుంటుంది. తెల్లవారుజామున పోయిస్తే చల్లగా ఉండి డీజిలు ఎక్కువ వస్తుందని ఒక మాట ప్రచారములో ఉన్నది. డీజిలు వేడికి వ్యాకోచించడము నిజమే. కాని బంకు ట్యాంకు భూమిలోపల ఉంటుంది, పగటికీ రాత్రికీ దాని వేడిలో చెప్పుకోదగిన మార్పు ఉండదు. దానికోసము నిద్ర చెడగొట్టుకోకండి.

ఇక ఎత్తుపల్లాల సంగతి. మదనపల్లె ప్రాంతము సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. తిరుపతి 160 మీటర్ల దరిదాపున ఉన్నది. టమాటా బరువుతో పీలేరు మీదుగా భాకరాపేట ఘాటు దిగిపోయే బండికి నేల వాలే సాయము చేస్తుంది. అక్కడ లెక్క వేసి "బరువుతో కూడా పదిహేను ఇచ్చింది" అని మురిసిపోతే ప్రయోజనము లేదు, తిరిగి ఎక్కవలసినది అదే బండి. బండి, సరుకు కలిసి మూడు టన్నులుంటే వాటిని 500 మీటర్ల ఎత్తుకు చేర్చడానికే లీటరు పైచిలుకు డీజిలు కావాలి. తిరుగు ప్రయాణములో ఎరువుల మూటలు వేసుకు వచ్చే వారికి ఇది అనుభవమే. కాబట్టి ట్యాంకు నింపడము ఎప్పుడూ ఇంటి దగ్గరి బంకులోనే పెట్టుకోండి. పోక, రాక రెండూ ఒకే లెక్కలో పడతవి.

వేగము మాట కూడా. బండి వేగము 60 నుండి 80కి పెరిగితే గాలి ఎదురు ఒత్తిడి ఇంచుమించు ఒకటి ముప్పాతిక రెట్లు అవుతుంది. వెనుక పట్టా వదులుగా కొట్టుకుంటుంటే మరీను. ఇంధనము పొదుపు గురించి చెప్పే కేంద్ర సంస్థ పి.సి.ఆర్.ఎ. వారు గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగము మంచిదంటారు. తెల్లవారే లోపల మార్కెట్టులో దిగకపోతే ధర పడిపోతుందన్న రైతుకు ఈ మాట రుచించదని నాకు తెలుసు. గంట ముందు బయలుదేరడము ఒక్కటే దానికి ఉపాయము.

ఇంతవరకు మైలేజీ గురించి చెప్పాను. ఇప్పుడు దానికి విరుద్ధముగా ఒక మాట చెప్తాను. మైలేజీ ఎక్కువ రావడమే లాభము కాదు. రానుపోను 120 కిలోమీటర్ల బజారుకు ఎనిమిది క్వింటాళ్ళు వేసుకు పోయినారు. తేలిక బరువు గనుక పన్నెండున్నర వచ్చినది, 9.6 లీటర్లు అయినవి. లెక్క తేలికగా ఉండడానికి లీటరు వంద రూపాయలనుకుందాము. ఖర్చు 960, క్వింటాలుకు 120 రూపాయలు. అదే బండిలో పక్క చేలవాడి సరుకు కూడా కలిపి పదిహేను క్వింటాళ్ళు వేస్తే మైలేజీ 12కు పడిపోయినది. ఖర్చు వెయ్యి, కాని క్వింటాలుకు 67 రూపాయలే. మైలేజీ తగ్గినది, ఖర్చు దాదాపు సగమైనది. అందుకే పుస్తకములో బరువుకు కూడా ఒక గడి గీయండి. కాటా చీటీ ఉంటే సరే, లేకపోతే క్రేట్ల సంఖ్య రాసినా చాలును. అయితే ఆర్.సి.లో ఒప్పుకున్న బరువుకు మించి వేయడానికి ఈ లెక్కను సాకు చేసుకోకండి. పొత్తుబండి వారు డీజిలు ఖర్చును ట్రిప్పుల చొప్పున కాక క్వింటాళ్ళ చొప్పున పంచుకుంటే ఎవరికీ మనసులో ముల్లు ఉండదు.

కొత్త బండ్లలో ఎదుటి పలక మీదనే మైలేజీ చూపిస్తున్నది గదా, పుస్తకమెందుకని కొందరంటారు. ఆ అంకె ఇంజను లోపలికి చిమ్మిన డీజిలును బట్టి యంత్రము వేసుకునే అంచనా. అది కొన్ని బండ్లలో ఎక్కువ చూపుతుంది, కొన్నిట్లో తక్కువ. నాలుగు ట్యాంకులు మీ పుస్తకముతో సరిచూసి తేడా ఎంతో తెలుసుకుంటే తరువాత అది కూడా పనికి వస్తుంది. ఇంకొక సంగతి. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లలో చాలావాటికి పొగగొట్టములో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. మసి నిండినప్పుడు దానిని కాల్చి శుభ్రము చేసుకోవడానికి బండి కొంత డీజిలు అదనముగా వాడుకుంటుంది. ఊళ్ళో కొద్దికొద్ది దూరాలే తిరిగే బండికి ఈ పని తరచు పడుతుంది. కారణము కనపడకుండా ఒక ట్యాంకు తగ్గితే ఇది కూడా మనసులో ఉంచుకోండి.

మరి నిజముగా ఏదో తేడా వచ్చినదని ఎప్పుడు అనుకోవాలి? ఒక ట్యాంకు తగ్గితే ఊరుకోండి. అదే దారి, అదే బరువు ఉండి, వరుసగా మూడు ట్యాంకులు పన్నెండుకు బదులు పదకొండుకు దిగువనే వస్తుంటే అప్పుడు లేచి చూడండి. ముందు టైర్లలో గాలి. ఇది ఉదయము టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి, బరువు వేసే బండికి వెనుక టైర్ల గాలి వేరు, ముందు టైర్ల గాలి వేరు. తరువాత గాలి వడపోత. చేల దుమ్ములో తిరిగే బండికి అది పుస్తకములో చెప్పిన గడువుకు ముందే పూడుకుపోతుంది. ఆ తరువాత బ్రేకులు. పది కిలోమీటర్లు ఎక్కువగా బ్రేకు తొక్కకుండా నడిపి ఆపి, చక్రాల దగ్గరికి అరచేయి తాకకుండా చూపండి. మిగతా మూడింటికంటే ఒక చక్రము సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టుకుని ఉన్నదన్నమాట. చదును నేల మీద గేరు తీసి ఇద్దరు తోస్తే ఖాళీ బండి మెల్లగా కదలాలి. కదలకపోతే నేరుగా మెకానిక్కు దగ్గరికి తీసుకుపోండి, పోయేటప్పుడు ఆ నోటు పుస్తకము కూడా వెంట తీసుకుపోండి. ఏ తేదీ నుండి తగ్గినదో చూపగలిగితే అతనికి సగము పని తప్పుతుంది, మీకు అక్కరలేని సామాను ఖర్చు తప్పుతుంది.